తొలి పెళ్లి ఫొటోలు తీయబోతున్నాను, పందిట్లో ఎక్కడ నిలబడాలి?

నీలిపిట్ట

అందరికీ నమస్కారం. మూడు వారాల్లో మా పిన్ని కూతురి పెళ్లి. తణుకు దగ్గర పల్లెటూరు. ఇంటి ముందే కొబ్బరాకుల పందిరి, ముహూర్తం రాత్రి 2 గంటల 18 నిమిషాలకు. వీడియో తీసేవాళ్లను పట్నం నుంచి మాట్లాడారు. ఫొటోలు మాత్రం నన్నే తీయమని బాబాయి పట్టుబడుతున్నారు.

నాకు అలవాటు ఉన్నది పక్షుల ఫొటోలే. రెండేళ్లుగా సెలవు దొరికితే చాలు, ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి గూడకొంగల్ని తీసుకుంటూ కూర్చుంటాను. మనుషుల్ని, అందులోనూ రాత్రివేళ, ఎప్పుడూ తీయలేదు. నా దగ్గర ఉన్నవి: క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా ఒకటి, దానితో వచ్చిన 18-55 ఎంఎం లెన్సు, 50 ఎఫ్ 1.8 లెన్సు, పక్షుల కోసం కొన్న 70-300 లెన్సు. ఫ్లాష్ లేదు. అక్క పెళ్లి నా వల్ల పాడవకూడదన్నదే నా దిగులు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

గోదారిగట్టు

నీలిపిట్ట గారూ, నొచ్చుకోకండి, ముందుగా ఒక మాట. తొలి పెళ్లి ఒంటరిగా ఒప్పుకోవద్దు. మా గురువు గారి వెనక పదకొండు పెళ్లిళ్లకు లైటు పట్టుకుని తిరిగాక గానీ నా చేతికి కెమెరా రాలేదు. పూజలు, గ్రూపు ఫొటోలు తీయడానికి మీ ఊరి స్టూడియో ఆయన్ని ఒక్క రాత్రికి మాట్లాడమని బాబాయి గారికి చెప్పండి. ఆయన తీస్తుంటే మీరు పక్కనుంచి మీకు నచ్చినవి తీసుకోవచ్చు. మీది తప్పినా ఆయనది ఉంటుంది.

అది కుదరకపోతే రెండో కెమెరా అద్దెకు తీసుకోండి. ఇది మాత్రం తప్పనిసరి. కెమెరా ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు, పందిట్లో మొరాయిస్తే బాగు చేసుకునే వ్యవధి ఉండదు. ఇద్దరు మనుషులు ఉన్నా, రెండు కెమెరాలు ఉన్నా, వాటి గడియారాలు నిమిషం తేడా లేకుండా కలపండి. లేకపోతే వేల ఫొటోలు వరస తప్పి, తలంబ్రాల ఫొటోల మధ్యలో కాశీయాత్ర వస్తుంది.

వెలుగునీడ

మీ లెన్సుల్లో 50 ఒక్కటే రాత్రికి పనికొస్తుంది. ఎఫ్ పక్కన అంకె పెద్దదయ్యే కొద్దీ లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గుతుంది. 18-55 ని పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 కు వెళ్లిపోతుంది, పందిట్లో ఆ వెలుగు చాలదు. మీది క్రాప్ సెన్సర్ కాబట్టి 50 కూడా 75, 80 లా దగ్గరికి లాగుతుంది. అంటే దూరంగా నిలబడాలి, పందిట్లో దూరం దొరకదు. అందుకని 17-50 ఎఫ్ 2.8 లాంటిది ఒకటి, ఫ్లాష్ ఒకటి అద్దెకు తెచ్చుకోండి. పెళ్లికి రెండు రోజుల ముందే తెచ్చి ఇంట్లో వాడి చూడండి. తెలియని మీట కోసం ముహూర్తం వేళ వెతుక్కోకూడదు.

ఇప్పుడు దీపాల సంగతి. పందిరికి కట్టే ఎల్‌ఈడీ దండలు, రంగు లైట్లు చాలావరకు మినుకుమంటాయి. కంటికి కనబడదు. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి అవి సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతాయి. షట్టర్ వేగం 1/500 సెకను పెట్టారంటే ఒక ఫొటో వెలుగుగా, దాని పక్కది చీకటిగా వస్తుంది, లేదా ఫొటో మీద అడ్డంగా చారలు పడతాయి. 1/100 దగ్గర ఉంచితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. శబ్దం రాని ఎలక్ట్రానిక్ షట్టర్ ఉంటుంది కదా, పందిట్లో దాని జోలికి పోకండి, చారలు అందులోనే ఎక్కువ. అంతే కాదు, పెళ్లికి ముందు రోజు రాత్రి లైట్లవాళ్లు స్విచ్చి వేసి చూసుకుంటారు. ఆ సమయానికి వెళ్లి పీటల దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి పది ఫొటోలు తీసి చూడండి.

ఫ్లాష్ గురించి కూడా. ఫంక్షన్ హాల్లో అయితే తెల్లటి కప్పు మీదికి తిప్పి కొడితే మెత్తటి వెలుగు పడుతుంది. కొబ్బరాకుల పందిరి ఆ వెలుగును తాగేస్తుంది, వచ్చిన కాస్తా పచ్చగా వస్తుంది. పందిరి గుంజకు ఒక తెల్ల థర్మాకోల్ పలక కట్టించి, ఫ్లాష్ దాని మీదికి తిప్పండి. ఆ చిన్న పలక చాలా పెద్ద మేలు చేస్తుంది.

రా ఫార్మాట్‌లోనే (కెమెరా సరిదిద్దని అసలు ఫైలుగా) తీయండి. పసుపు రాసిన ముఖం, ఎర్ర పట్టుచీర, బంగారం, నీలం లైటు, ఇన్ని ఒకేచోట ఉంటే కెమెరా రంగులు తేల్చుకోలేదు. తెల్లని వస్తువు ఒకటి ఫ్రేములో ఉంటే తర్వాత దాన్ని చూసి సరిచేసుకోవచ్చు. పంతులు గారి పంచె చాలు.

పాత రీలు

నీలిపిట్ట తల్లీ, నేను 1986 నుంచి పెళ్లిళ్లు తీస్తున్నాను. రీలుకు 36 ఫొటోలు, పెళ్లికి మహా అయితే ఎనిమిది రీళ్లు. ఒక్కో ఫొటోకు లెక్క ఉండేది. ఆ లెక్క నాకు నేర్పింది కెమెరా కాదు, పెళ్లి తంతు.

గూడకొంగ ఎగరబోయే ముందు ఏం చేస్తుందో నువ్వు ఇన్నాళ్లు కూర్చుని చూసే ఉంటావు. రెక్క విప్పాక కెమెరా ఎత్తితే ఆలస్యమే కదా. పెళ్లి కూడా అలాంటిదే, ప్రతి ఘట్టానికీ ముందు ఒక కదలిక ఉంటుంది. పంతులు గారు తమలపాకులో జీలకర్ర బెల్లం ముద్ద సర్దుతున్నారంటే ముహూర్తం నిమిషాల్లో ఉందని. మంగళసూత్రాలు కొబ్బరిబోండం మీద పెట్టి పెద్దల చేత తాకించడానికి పళ్లెం తిప్పుతున్నారంటే, అది తిరిగి వచ్చేలోపు నువ్వు నీ చోటికి చేరాలి. అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు భజంత్రీలు. డోలు ఆయన కళ్లు పంతులు గారి చేతి మీదే ఉంటాయి. ఆ చెయ్యి లేచిందా, గట్టి మేళం మొదలు. డోలు ఆయన నడుం నిటారుగా చేసుకున్నాడంటే కెమెరా కంటికి ఆనించు.

పెళ్లికి ముందు పంతులు గారిని కలువు. ఇంటింటికీ క్రమం మారుతుంది. కొన్ని ఇళ్లలో జీలకర్ర బెల్లం అయ్యాక వధూవరులు లేచి వెళ్లి మధుపర్కాలు కట్టుకుని వస్తారు, కొన్ని ఇళ్లలో మొదటినుంచీ అవే. గౌరీపూజ ఏ గదిలో, పిల్లను గంపలో తెచ్చే మేనమామలు ఎవరు, ఎటునుంచి తెస్తారు, అడ్డుతెర ఎవరు పట్టుకుంటారు, అరుంధతిని చూపించడానికి ఏ వైపు వెళ్తారు, అన్నీ అడిగి కాగితం మీద రాసుకో. అడిగితే ఏ పంతులూ విసుక్కోడు. ఫొటోల వాళ్లు తన పనికి అడ్డం వస్తారన్నదే ఆయన భయం, ఆ భయం నువ్వే ముందుగా తీర్చినట్టవుతుంది.

నీలిపిట్ట

పాత రీలు గారూ, మీ మాట చదివాక కాస్త ధైర్యం వచ్చింది. స్టూడియో వాళ్లెవరూ దొరకలేదండి, ఆ రోజు మంచి ముహూర్తం కావడంతో అందరూ ఎక్కడో ఒకచోట ఒప్పుకున్నారట. కెమెరా, లెన్సు, ఫ్లాష్ అద్దెకు మాట్లాడాను. జీలకర్ర బెల్లానికి, మాంగల్యధారణకు ఎక్కడ నిలబడాలో ఎవరైనా విడమరిచి చెప్తారా?

గోదారిగట్టు

చెప్తాను. జీలకర్ర బెల్లం వేళ ఇద్దరూ ఎదురెదురుగా ఉంటారు, మధ్యలో తెర. మీరు ఆ తెర అంచుకు సూటిగా నిలబడాలి, అంటే ఇద్దరి ముఖాలూ పక్కనుంచి కనిపించేలా. ఎవరో ఒకరి వీపు వెనక ఉన్నారంటే రెండో మనిషి మాత్రమే దొరుకుతారు. ఆ సూటి చోటు ఒక వైపు పంతులు గారిది, ఇంకో వైపు వీడియో వాళ్లది. అందుకే వీడియో వాళ్లతో ముందే మాట్లాడుకోండి. మీరు మోకాళ్ల మీద కూర్చుంటే వాళ్లు మీ తల మీదుగా తీసుకుంటారు. మీ వెనక కూర్చున్న బంధువులకూ అడ్డం ఉండదు.

చేతులు తలమీద పెట్టేటప్పుడు మోచేతులు ముఖాలకు అడ్డం వస్తాయి. కంగారు పడి చోటు మారకండి. ముద్ద పెట్టాక మంత్రం అయ్యేదాకా చేతులు అలాగే ఉంచుతారు, ఆ వ్యవధిలో తెర దిగుతుంది, తలలు కదులుతాయి, చూపులు కలుస్తాయి. మీకు కావలసింది ఆ చూపు.

తాళి సంగతి వేరు. ముడి పడేది మెడ వెనక, పిల్ల ముఖం ఉండేది ముందు. రెండూ ఒక్కరే తీయలేరు. ముఖాన్నే ఎంచుకోండి. తల వంచుకుని ఉంటుంది కాబట్టి మీరు ఇంకా కిందికి దిగాలి. ముళ్లు మూడు, అంటే వ్యవధి ఉంటుంది. రెండో ముడి వేళ ఆడపడుచు జడ పైకి పట్టుకుని ఉంటుంది, అటు ఒక్కసారి తిరిగితే చేతులూ ముడీ దొరుకుతాయి.

ఇంకోటి, అక్షతలు. జనం విసిరే గింజల మీదికి ఆటోఫోకస్ పరుగెడుతుంది, ముఖాలు మసకబారతాయి. ఫోకస్ ఒక్క చుక్క మీదే పెట్టి పిల్ల కంటి మీద ఉంచండి. లెన్సుకు హుడ్ (ముందు పెట్టే గొట్టం) తగిలించండి, గింజలు అద్దానికి తగలవు.

చార్మినార్ నీడ

ఇంత కష్టం ఎందుకు? ఘట్టం తప్పితే ఒక్క నిమిషం ఆపమని అడగవచ్చు. తాళి పట్టుకుని కెమెరా వైపు చూడమంటే అందరూ చూస్తారు. ఇప్పుడు ప్రతి పెళ్లిలో అదే జరుగుతోంది. ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ముఖాలు స్పష్టంగా కనిపించే ఫొటోలే ఇష్టం.

పాత రీలు

బాబూ, ఈ విషయంలో నేను ఒప్పుకోను. నా సొంత అనుభవం చెప్తాను. పనిలోకి వచ్చిన మూడో ఏడు, ఒక పెళ్లిలో సరిగ్గా తాళి వేళకు రీలు అయిపోయింది. కొత్తది ఎక్కిస్తూ "ఒక్క క్షణం ఆగండి" అన్నాను. పెళ్లికొడుకు తాళి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గట్టి మేళం మోగుతూనే ఉంది. నేను తలెత్తేసరికి పెళ్లికూతురి తాతగారు లేచి నిలబడి ఉన్నారు. ఆయన నన్ను తిట్టలేదు. తన చేతి గడియారం వైపు చూసుకుని, నా వైపు చూశారు. ఆ ఫొటో బాగా వచ్చింది. ఆల్బం ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆయన ఆ పేజీ దగ్గర ఆగకుండా తిప్పేశారు. అప్పటినుంచి నేను ఏ పెళ్లినీ ఆపలేదు.

ఎవరిదో ముహూర్తం, ఎవరివో మంత్రాలు. మనం అక్కడ ఉన్నది చూడడానికి. తప్పిన ఘట్టం తప్పిందే.

చార్మినార్ నీడ

మీ మాట కాదనను పెద్దాయనా. తాళి దగ్గర ఆపడం పొరపాటే, ఒప్పుకుంటున్నాను. కానీ పెద్దవాళ్ల కోరిక నిజమే కదా. తంతు అంతా అయ్యాక, దండలతో ఉండగానే, ఇద్దరినీ పది నిమిషాలు పక్కకు కూర్చోబెట్టి తీయమనండి. బిందెలో ఉంగరం తీసే ఆట అయ్యాక అయితే ముఖాలు నవ్వుతూ ఉంటాయి.

పాత రీలు

అది మంచి మాట. నేనూ అదే చేస్తాను.

తంగేడుపువ్వు

నీలిపిట్ట గారూ, మీరు ఆడపిల్ల కావడం ఈ పనిలో గొప్ప వీలు. పెళ్లికూతురి గదిలోకి మీరు వెళ్లగలరు. అయినా తలుపు దగ్గర ఆగి, అడిగి వెళ్లండి. చీర కట్టేటప్పుడు కెమెరా కింద పెట్టేయండి. బాసికం కట్టేటప్పుడు, బుగ్గచుక్క పెట్టేటప్పుడు పగలైతే కిటికీ వైపు, రాత్రయితే దీపం వైపు తిరిగి కూర్చోమనండి.

నేను వరంగల్ వైపు పెళ్లిళ్లు తీస్తాను. మా దగ్గర ఐరేని కుండలు (పెళ్లి తంతుకు వాడే కుండలు) కుమ్మరి ఇంటినుంచి డప్పులతో తెచ్చుకోవడం, మైలపోలు తీయడం (పెళ్లికి ముందు స్నానం చేయించే తంతు), ఎదురుకోళ్లు (మగపెళ్లివారికి ఎదురెళ్లి స్వాగతం చెప్పడం) ఉంటాయి. బయటి నుంచి వచ్చే ఫొటోగ్రాఫర్లు ఇవన్నీ వదిలేసి వేదిక మీదే కాచుకుని కూర్చుంటారు. మీ గోదావరి పెళ్లిలో కూడా అలాంటివి ఉంటాయి. పసుపు దంచే రోజు రోలు చుట్టూ చేరే ముత్తయిదువలు, పందిరి రాట వేసే ఘడియ, మంగళస్నానాలు. మీకు భయం లేకుండా చెయ్యి తిరిగేది వాటి దగ్గరే. వెలుగు ఉంటుంది, తొందర ఉండదు, మనుషులు తమ ధ్యాసలో ఉంటారు.

చుట్టరికాలు తెలిసిన ఒక మనిషిని మీ పక్కన ఉంచుకోండి. ఎవరి ఫొటో తప్పకూడదో వాళ్లే చెప్పాలి. వేదిక ఎక్కలేని అమ్మమ్మ ఎక్కడో కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆమె దగ్గరకు వధూవరులను నడిపించుకుని వెళ్లండి.

అప్పగింతల వేళ మాత్రం దూరంగా ఉండండి. వెడల్పు లెన్సు పట్టుకుని ఏడుస్తున్న తల్లి ముఖం మీదికి వెళ్లవద్దు. మీ 70-300 అప్పుడు తీయండి, తెల్లవారి ఉంటుంది కాబట్టి వెలుగు సరిపోతుంది.

తుంగభద్ర

మా కర్నూలులో నిఖాలు కూడా తీస్తాను. చాలా ఇళ్లలో పెళ్లికూతురు ఒక గదిలో, పెళ్లికొడుకు మగవాళ్ల మధ్య ఇంకో చోట ఉంటారు. అక్కడ ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, వారిలో ఒకరు స్త్రీ, ఉంటేనే పని జరుగుతుంది. చర్చి పెళ్లి అయితే ఫ్లాష్ వాడవచ్చా, ఎక్కడిదాకా వెళ్లవచ్చు అని పాస్టరు గారిని ముందే అడగాలి. ఎవరి పెళ్లి అయినా ముందే అడగడం అలవాటు చేసుకోండి.

కోర్టుమెట్లు

చుట్టాల పెళ్లి అయినా ఎన్ని ఫొటోలు ఇస్తారు, ఎప్పటికి ఇస్తారు, ఆల్బం ఖర్చు ఎవరిది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. మాట పట్టింపులు చుట్టాల మధ్యే ఎక్కువ.

చాలామందికి తెలియని సంగతి ఒకటి. మన కాపీరైట్ చట్టం 1957 లో సెక్షన్ 17 ప్రకారం, డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించుకున్న వారే. కాబట్టి రేపు మీరు ఈ పని వృత్తిగా చేస్తే, మీ పేజీలో ఆ ఫొటోలు పెట్టుకోవడానికి అనుమతి ముందే రాయించుకోండి. మీ అక్క విషయంలో చట్టం ప్రసక్తి ఎలా ఉన్నా, అడిగి పెట్టడమే మర్యాద.

గోదారిగట్టు

పెళ్లి రోజుకు నాలుగు మాటలు. కార్డు నిండేదాకా ఆగకండి, కాస్త ఖాళీ ఉండగానే మార్చండి. కెమెరాలో ఏ ఫొటో తుడిచేయవద్దు. నిద్ర ఎంత ముంచుకొచ్చినా పడుకునే ముందు రెండు వేరు వేరు డిస్కుల్లోకి ఎక్కించండి, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఇంట్లో. ఆల్బం చేతికి ఇచ్చేదాకా కార్డులు ఖాళీ చేయవద్దు.

చెప్పులు విప్పి వేదిక ఎక్కాలి, కాబట్టి సులువుగా విడిచేవి వేసుకోండి. హోమానికి, పంతులు గారికి మధ్యనుంచి దాటకండి. ముగ్గు తొక్కకండి. రాత్రి తొమ్మిదింటికే భోజనం చేయండి, తర్వాత మిమ్మల్ని ఎవరూ పిలవరు.

నీలిపిట్ట (నెల తర్వాత)

అందరికీ నమస్కారం. పెళ్లి జరిగింది. ఫొటోలు అక్కకు ఇచ్చేశాను. ఏం జరిగిందో మీకు చెప్పకపోతే నాకు తోచడం లేదు.

ముందు రోజు రాత్రి లైట్లవాళ్లు స్విచ్చి వేసినప్పుడు వెళ్లాను. వెలుగునీడ గారు చెప్పినట్టే 1/250 దగ్గర చారలు పడ్డాయి, 1/100 దగ్గర పోయాయి. పీటల మీద మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి చూస్తే వాడి ముఖం సగం గులాబీ, సగం ఆకుపచ్చ. లైట్లబ్బాయిని బతిమాలితే వేదిక మీది రెండు రంగు లైట్లు తీసి మామూలువి పెట్టాడు. అడగకపోతే తెలిసేదే కాదు.

రాత్రి 2 గంటల 10 నిమిషాలకు కరెంటు పోయింది. జనరేటరు అందుకునేదాకా అరనిమిషం చీకటి. ఆ చీకట్లో హోమగుండం పక్కన ఒక్క కుందె దీపం వెలుగులో పంతులు గారు ముద్ద సర్దుతున్నారు. చేతులు వణుకుతూనే నాలుగు తీశాను. మూడు కదిలిపోయాయి. ఒకటి నిలిచింది.

జీలకర్ర బెల్లం వేళ మోకాళ్ల మీద కూర్చున్నాను. తెర దిగింది. చూపు కలిసిన క్షణం నాకు దొరకలేదు. బావగారి మోచెయ్యి అక్క కళ్లకు అడ్డం వచ్చింది. చోటు మారాలనిపించింది, గోదారిగట్టు గారి మాట గుర్తొచ్చి ఆగాను. కాసేపటికి బెల్లం కరిగి అక్క పాపిట మీదనుంచి కనుబొమ్మ దాకా జారింది. చేతులు తీయకూడదు కాబట్టి తుడుచుకోలేక కళ్లు గట్టిగా మూసుకుంది. బావగారు నవ్వు ఆపుకోలేకపోయారు. పక్కనుంచి అత్తయ్య కొంగు చివరతో ఒత్తింది. ఇది మాత్రం మొత్తం దొరికింది.

తాళి వేళ డోలు ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయన నడుం నిటారుగా చేసుకున్నారు. పాత రీలు గారూ, మీకు చేతులెత్తి మొక్కాలి.

తప్పులు కూడా చెప్పాలి. మెట్టెలు తొడిగేటప్పుడు బ్యాటరీ మారుస్తున్నాను, ఒక్క ఫొటో కూడా లేదు. అక్కతో ఆ మాట నేనే చెప్పాను. తెల్లవారాక షట్టర్ 1/100 దగ్గరే వదిలేసి అప్పగింతలు 300 దగ్గర తీశాను, సగం కదిలిపోయాయి.

ఒక సహాయం కావాలి. అందరూ వెళ్లిపోయాక బాబాయి పందిట్లో ఒక్కరే కూర్చుని అడ్డుతెర మడత పెడుతున్నారు. రెండు చేతులతో అంచులు కలిపి, నలిగిన చోట అరచేత్తో సాపు చేస్తూ. నేను వాకిట్లోనుంచి తీశాను, ఆయన చూడలేదు. ఆల్బం అంతా తిరగేసి పిన్ని ఆ ఒక్క ఫొటో గోడకు కావాలంది. ఏ కొలతలో, ఏ కాగితం మీద వేయించాలి?

పాత రీలు

మ్యాట్ కాగితం తీసుకో తల్లీ. నిగనిగలాడే కాగితం గోడ మీద ఎదురుగా ఉన్న కిటికీని చూపిస్తుంది, ఫొటోను చూపించదు. కొలత 12 బై 18. నీ కెమెరా ఫొటో 3:2 నిష్పత్తిలో ఉంటుంది, దానికి అది సరిగ్గా సరిపోతుంది. 8 బై 10 అంటే అంచులు కోస్తారు, ఆయన చేతుల్లోని బట్ట చివర తెగిపోతుంది.